మా వీధి చివర ఇల్లు లేని మగవాళ్ల షెల్టర్ వద్దని సంతకాలు అడుగుతున్నారు. లోపల ఎలా ఉంటుందో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాలమూరు టీచర్:

మాది మహబూబ్‌నగర్. బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో కాలనీ. మా వీధి చివర పాత కమ్యూనిటీ హాలు ఒకటి ఏళ్ల తరబడి తాళమేసి ఉంది. దాన్ని ఇల్లూ వాకిలీ లేని మగవాళ్లు పడుకునే షెల్టరుగా మారుస్తారని వారం కింద తెలిసింది, ఆ రోజు నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇదే లొల్లి. తాగుబోతులంతా ఇక్కడికే చేరతారు, గంజాయి బ్యాచ్ వస్తది, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ఎట్ల రావాలె, ప్లాట్ల రేట్లు పడిపోతయి అని కొందరు అంటున్నారు. ఇంకొందరు, ఆ షెల్టర్లల్ల అంతా నల్లులు, కంపు, పశువుల కొట్టం నయం, పాపం వాళ్లను అందులో పడేసేకంటే బస్సెక్కించి ఊళ్లకు పంపిస్తే మంచిది అంటున్నారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి చెప్పడం కూడా విన్నాను, ఆయన రెండూ నిజమని నమ్మే చెబుతున్నాడు.

సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తారట, ఆదివారం సాయంత్రం లోపు సంతకం పెట్టాలని అడుగుతున్నారు. మా ఆయన పెట్టేద్దాం అంటున్నాడు, మనకెందుకు నలుగురితో తగువు అని. నేను ఇంకా పెట్టలేదు.

ఎందుకంటే నేను పొద్దున ఆరు గంటల బస్సుకు జడ్చర్ల వైపు స్కూలుకు పోతాను, రోజూ ఆ బస్టాండులో పడుకున్నవాళ్లను చూస్తాను. చెప్పులు తలకింద పెట్టుకొని, సంచి పొట్టకు కట్టుకొని పడుకుంటారు. ఒక ముసలాయన నేను పోయేసరికి లేచి తన చెద్దరు నాలుగు మడతలు వేసి బెంచీ కింద తుడుస్తూ ఉంటాడు, ఎవరూ చెప్పకుండానే. వాన పడిన రాత్రి మరునాడు వాళ్ల కళ్లు చూస్తే తెలుస్తుంది నిలబడే తెల్లవార్చారని. వీళ్లేనా మా పిల్లలకు భయం అని ఒకవైపు, నిజంగానే లోపల అంత ఘోరంగా ఉంటే ఆ ముసలాయన బెంచీ మీదే నయమేమో అని ఇంకోవైపు.

మా కాలనీలో 43 ఇళ్లు ఉన్నాయి. మీలో ఎవరైనా ఒక్క షెల్టర్ లోపలికైనా పోయి చూశారా అని గ్రూపులో అడిగాను. ఒక్కరూ లేరు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. చూసినవాళ్లు, పనిచేసినవాళ్లు, ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

శీను ఎలక్ట్రికల్స్:

మేడం, నేను చూశాను. లోపలికి పోలేదు గానీ నాలుగేళ్లు ఎదురింట్లోనే అద్దెకు ఉన్నాను. అది వేరే జిల్లా పట్టణం, ఊరి పేరు వద్దు. నా సలహా మాత్రం సంతకం పెట్టమనే.

నేను వాళ్లను చెడ్డవాళ్లు అనడం లేదు. అక్కడ నలభై మందికి రెండు లెట్రిన్లు, అందులో ఒకటి మూడు నెలలు జామ్ అయ్యి ఎవరూ పట్టించుకోలేదు. మరి వాళ్లెక్కడికి పోవాలి, మా గోడలకే వచ్చారు. పొద్దున మా అమ్మ వాకిలి ఊడ్వడానికి బయటికి రావాలంటే ఇబ్బంది. రాత్రి చూసుకునే మనిషి ఒక్కడే, ఆయన కూడా పది దాటితే ఉండడు. రెండుసార్లు కొట్లాట అయితే పోలీసులకు ఫోన్ చేసింది నేనే. వందకు డయల్ చేసి అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడితే, మరునాడు అక్కడివాళ్లు నన్ను శత్రువును చూసినట్టు చూశారు. మొదట్లో నేనే పోయి రెండు ఫ్యాన్లు ఉత్తగా బిగించి వచ్చాను, వైరింగ్ బయటికి వేలాడుతుంటే సరిచేశాను, అంటే నాకు మనసు లేదని అనుకోవద్దు. తర్వాత తర్వాత విసుగొచ్చింది. మొదలుపెట్టిన రోజు ఫొటోలు దిగినవాళ్లు మళ్లీ ఆ వీధికి రాలేదు. మీ దగ్గర అట్ల కాదు అని ఎవరు గ్యారంటీ ఇస్తారు?

పాత ఆర్పీ:

చెల్లీ, నేను మెప్మాలో, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో, ఆర్పీగా (రిసోర్స్ పర్సన్‌గా) చేశాను, మహిళా సంఘాల పనే ఎక్కువ గానీ షెల్టర్ సర్వేకు రాత్రిపూట బస్టాండు, రైల్వేస్టేషన్, దవాఖానా ముందు తిరిగిన అనుభవం ఉంది. శీను గారు చెప్పింది అబద్ధం కాదు, అట్లాంటివి నేనూ చూశాను. కానీ అది షెల్టర్ పెట్టినందుకు వచ్చిన కష్టం కాదు, సగం పెట్టి వదిలేసినందుకు వచ్చిన కష్టం. ఈ తేడా మీ కాలనీవాళ్లకు చెప్పండి.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే సత్రం కాదు. 2010 జనవరిలో ఢిల్లీ చలికి రోడ్ల మీద మనుషులు చచ్చిపోతుంటే, అప్పటికి 2001 నుంచి నడుస్తున్న ఆహార హక్కు కేసులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి పట్టుకుంది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ లెక్కన పెద్ద నగరాల్లో కట్టాలని చెప్పింది. తర్వాత 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దీన్నే పథకంగా పెట్టారు. ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి చోటు ఉండాలని అందులో రాశారు. మహబూబ్‌నగర్ 2011 జనాభా లెక్కల్లోనే లక్ష దాటిన ఊరు. ఆ లెక్కల్లో ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న, దేశమంతా ఇల్లు లేనివాళ్లను లెక్కబెడితే సుమారు 17.7 లక్షల మంది తేలారు. అది కూడా కనబడినవాళ్లే. దుకాణం మెట్ల మీద, లారీ కింద పడుకున్నవాళ్లను ఎంతమందిని లెక్కపెట్టి ఉంటారో రాత్రి సర్వేకు పోయినవాళ్లకు తెలుసు.

ఇక లోపల ఎట్లా ఉండాలి అనేది, ఆ పథకం రూల్స్ ప్రకారం చెబుతాను. మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. గాలి, వెలుతురు, తాగే నీళ్లు, సరిపడా బాత్రూములు, వంట చేసుకునేందుకు గదీ గ్యాసూ, ఎవరి సామాను వాళ్లు పెట్టుకునే లాకర్లు, దుప్పట్లు పరుపులు తరచూ ఉతకడం, నల్లులకూ దోమలకూ మందు కొట్టడం, మంటలార్పే సామాను, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. 24 గంటలూ తెరిచి ఉండాలి, షిఫ్టుల వారీగా చూసుకునే మనుషులు, పైన ఒక మేనేజర్ ఉండాలి. ఆధార్, రేషన్, పింఛను, బ్యాంకు ఖాతా ఇప్పించే పని కూడా షెల్టర్ వాళ్లదే. శీను గారి వీధిలో పది తర్వాత మనిషి లేడంటే అక్కడ రూలు తప్పింది అన్నమాట.

నా మనసుకు కష్టమైన సంగతి ఇంకోటి చెబుతాను. సర్వేలో ఆడమనిషి పిల్లతో పడుకొని ఉంటే చుట్టుపక్కల దుకాణాలవాళ్లే వచ్చి మేడం ఈమె పేరు రాయండి అనేవాళ్లు. మగమనిషి పడుకొని ఉంటే, వానిదేం రాస్తరు, తాగి పడ్డడు అనేవాళ్లు. నేను లేపి మాట్లాడితే చాలామంది తాగి లేరు. పొద్దంతా బస్తాలు మోసి పడుకున్నవాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు. తాగినవాళ్లూ ఉన్నారు, లేరని అనను. కానీ మగవానికి ఇల్లు లేకపోతే అది వాని తప్పే అన్నట్టు మనం ముందే తీర్పు చెప్పేస్తాం, అందుకే వాని షెల్టర్ ఎట్లున్నా ఎవరూ అడగరు.

చెల్లీ, సంతకం సంగతి తర్వాత. ముందు టేపు తీసుకొని ఆ హాలు కొలవండి. పొడవు, వెడల్పు గుణించి 50తో భాగించండి. అంతమందికే చోటు. అంతకంటే ఎక్కువమందిని పెడతామంటే అప్పుడు మాట్లాడండి.

కోస్గి సెంట్రింగ్:

అక్కా, నేను ఉన్నాను. హైదరాబాద్‌లో, 2018లో, ఐదు నెలలు. ఇది ఇంతవరకు మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు, వాళ్లకు కూడా తర్వాత చెప్పాను.

సెంట్రింగ్ పనిలో మూడో అంతస్తు నుంచి జారి పడ్డాను, కాలికి రాడ్డు వేశారు. మేస్త్రీ మొదటి రెండు రోజులు వచ్చాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. దవాఖానాలో డిశ్చార్జి చేసినాక ఊరికి పోదామంటే, అప్పు తీర్చేందుకు నేను పంపిన పైసలు కూడా అమ్మ దగ్గర లేవు, ఈ కాలుతో పోయి ఆమె మీద పడాల్నా అని దవాఖానా వరండాలోనే పదకొండు రోజులు ఉన్నాను. జ్వరంతో మూలుగుతుంటే దాటుకుంటూ పోయినవాళ్లు తాగినట్టున్నడు అన్నారు. ఆర్పీ అక్క రాసింది చదివితే అదే యాదికొచ్చింది.

షెల్టర్ ఉందని పక్క పేషెంటు అన్న చెప్పినా పోలేదు. భయం. అంతకు ముందు ఏడాదే, 2017 నవంబర్‌లో, హైదరాబాద్‌లో అడుక్కునేవాళ్లను పట్టుకుపోయి జైలు ఆవరణలో ఉన్న ఆశ్రమంలో పెట్టారు, ఆ సంగతి రోడ్డు మీద బతికేవాళ్లందరికీ తెలుసు. షెల్టర్ అంటే కూడా అదే అనుకున్నాను, లోపలికి పోతే తాళమేస్తారని. వాన ఎక్కువైన రాత్రి ఇక గతి లేక పోయాను. పోయి మొదట అడిగిన మాట, పొద్దున బయటికి పోనిస్తరా అని. అక్కడి పెద్దాయన నవ్వలేదు. గేటుకు తాళం కప్ప లేని గొళ్లెం చూపించాడు. ఆ రాత్రి నిద్రపోయాను.

ఇక లోపల ఎట్లుండె అంటే, నల్లులు ఉండె. పరుపులను శుక్రవారం ఎండలో వేస్తే రెండు రోజులు తక్కువుండేవి, మళ్లీ వచ్చేవి. చెద్దర్లకు వేరే మనిషి వాసన ఉండేది, అది అలవాటు కావడానికే నాకు వారం పట్టింది. ముప్పై మందికి సెల్ చార్జింగ్ పెట్టే ప్లగ్గులు మూడు, కొట్లాటలు ఎక్కువగా దాని దగ్గరే, తాగినందుకు కాదు. సెల్ లేకపోతే మేస్త్రీ పిలవడు, పిలవకపోతే ఆ రోజు కూలి లేదు. లాకర్లు ఉండె గానీ సగం వాటికి గొళ్లాలు ఊడిపోయినై. మనిషికి తిండి లేకున్నా ఒక రోజు ఓర్చుకుంటడు, కాగితాల సంచి పోతే మాత్రం మనిషే పోయినట్టు. నా డిశ్చార్జి కాగితం, ఆధార్ పోతాయని స్నానానికి పోయినా కవర్లో కట్టుకొని పోయేవాణ్ణి.

గేటు పదింటికి వేసేవాళ్లు. క్యాటరింగ్ పిల్లలు ఫంక్షన్ హాలు నుంచి ఒంటిగంటకు వచ్చేవాళ్లు, కూరగాయల మార్కెట్ హమాలీలు మూడింటికి పోవాల్సినవాళ్లు. అందుకే వాళ్లు చాలామంది షెల్టర్ వదిలి మార్కెట్లోనే బస్తాల మీద పడుకునేవాళ్లు. బయటివాళ్లు చూసి, జాగ ఇచ్చినా పోరు, వీళ్లకు రోడ్డే ఇష్టం అంటారు. ఇష్టం కాదు అక్కా, టైం కుదరదు.

మంచి కూడా చెప్పాలి. మధ్యాహ్నం బయట 5 రూపాయల భోజనం ఉండేది, రాత్రికి తలా ఇరవై వేసుకొని అన్నం, పప్పు వండుకునేవాళ్లం. ఒకాయన రాత్రంతా దగ్గుతుంటే టీబీ అని అందరం చాప దూరం జరుపుకున్నాం, పెద్దాయన తీసుకుపోయి పరీక్ష చేయిస్తే టీబీ కాదు, సిమెంటు గోదాములో పదేళ్ల దుమ్ము. ఆ రోజు నుంచి ఆయన పక్కన నేనే పడుకున్నాను. నా కాలు నిలబడేదాకా నాకు బకెట్ నీళ్లు తెచ్చిచ్చింది ఆయనే.

నల్లుల కంటే ఎక్కువ కుట్టింది ఒకటుంది. ఒక హోటల్లో క్యాష్ దగ్గర కూర్చునే పని దొరికింది, కాలు బాగాలేదు కదా కూర్చొని చేయొచ్చని సంబరపడ్డాను. మూడో రోజు ఎక్కడుంటవు అని అడిగితే నిజం చెప్పాను. నాలుగో రోజు రావద్దన్నారు. తర్వాత ఎవరడిగినా రూంలో ఉంటున్నా అని చెప్పుకున్నాను, అమ్మకు కూడా.

మా నాయన బొంబాయిలో సైటు పక్కన రేకుల కింద పదేళ్లు బతికిండు. అక్కడి బిల్డింగులవాళ్లు కూడా వీళ్లను ఇక్కడి నుంచి తీసేయమని కాగితాలు పెట్టేవారట. మన జిల్లా నుంచి ఆ బస్సు ఎక్కని ఊరు ఉందా అక్కా, మీ కాలనీలో ఆ బస్సు ఎక్కినవాళ్ల పిల్లలే ఎంతమంది ఉంటరో.

మేఘన:

అన్నా మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. మాకు ఇద్దరు ఆడపిల్లలు, రాత్రి ఎనిమిదికి ట్యూషన్ నుంచి వస్తారు. మేం భయపడటం తప్పా?

కోస్గి సెంట్రింగ్:

తప్పు కాదమ్మా. నాకూ బిడ్డ ఉంది. గేటు దగ్గర లైటు, రాత్రంతా మేలుకొని ఉండే మనిషి, వచ్చినవాళ్ల పేరు రాసే రిజిస్టర్, ఈ మూడూ ఉండాలని గట్టిగా అడగండి. బస్టాండులో పడుకున్న మనిషి పేరు ఎవరి దగ్గరా రాసి ఉండదు, షెల్టర్లో ఉన్నవాని పేరు రాసి ఉంటది. తాగి గొడవ చేసినవాణ్ణి మా దగ్గర మిగతావాళ్లే ఉండనిచ్చేవాళ్లు కాదు, ఒకని వల్ల అందరి జాగ పోతదని భయం.

దేవరకొండ సైడ్:

మాది నల్లగొండ జిల్లా. నేను షెల్టర్ లోపలికి పోయింది మా చిన్నాయనను తెచ్చుకునేందుకు.

చిన్నమ్మ చనిపోయినాక ఆయన మనసు సరిగ్గా లేదు. బత్తాయి తోట ఎండిపోయింది, బోర్లు మీద బోర్లు వేసి అప్పు, కొడుకుతో మాట మాట పెరిగి ఒకరోజు చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. పద్నాలుగు నెలలు వెతికాం. తెలిసినవాళ్లు కనబడితే చాలు, లేడులే ఇక, కర్మ చేసేయండి అన్నవాళ్లూ ఉన్నారు. ఒకరోజు షెల్టర్ నుంచి ఫోన్. ఆయనకు ఆధార్ కోసమని వేలిముద్రలు పెట్టిస్తే పాత కార్డు ఉన్నట్టు తేలిందట, అట్లా ఊరు దొరికిందట.

నేను కార్లో పోతూ దారంతా ఊహించుకుంది గడ్డం, చింపిరి బట్టలు, గొలుసు. లోపలికి పోతే ఆయన షేవింగ్ చేసుకొని, ఎవరిదో లుంగీ కట్టుకొని, పప్పుకు చింతపండు పిసుకుతున్నాడు. గోడలకు పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి, బాత్రూం తలుపుకు గడియ లేదు, సంచి గుడ్డ వేలాడదీశారు. బాగుందని చెప్పను. కానీ పక్కమంచం ఆయన మా చిన్నాయనకు ఏ మాత్ర ఏ పూట వేయాలో నాకు అప్పగింతలు పెట్టి పంపించాడు, ఆ మాత్రల పేర్లు కన్నకొడుక్కి తెలియవు.

ఇంటికి తెచ్చినాక ఊళ్లో చాలామంది మమ్మల్ని తిట్టారు, అట్లాంటి చోట ఉండనిచ్చారా అని. ఆ తిట్టినవాళ్లు పద్నాలుగు నెలల్లో ఒక్క ఫోన్ చేయలేదు. ఇంట్లో నుంచి ముసలివాళ్లు ఎవరైనా తప్పిపోయినా, ఎక్కడైనా దిక్కులేకుండా కనబడినా 14567కు ఫోన్ చేయండి, పెద్దవాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ అది, నాకు అప్పుడు తెలియదు.

శీను ఎలక్ట్రికల్స్:

కోస్గి అన్నా, చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మీరున్న చోట ప్లగ్గులు మూడే అన్నారు, నేను ఫ్యాన్లు బిగించిన రోజు ఒక బోర్డు ఎక్కువ పెట్టాలని నాకు తట్టలేదు. నా మాట మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకోను, బాత్రూములు లేకుండా మొదలుపెడితే నేనే వద్దంటాను. మేడం, హాలు వైరింగ్ ఎవరైనా చూడాలంటే చెప్పండి, మా బావమరిది మహబూబ్‌నగర్‌లోనే ఉంటాడు, పైసలు అవసరం లేదు.

పాలమూరు టీచర్:

అందరికీ నమస్కారం. సోమవారం అయిపోయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

శనివారం స్కూలు నుంచి వచ్చినాక మా పాపను, టేపును తీసుకొని హాలుకు పోయాను, వార్డు ఆఫీసులో అడిగితే తాళం ఇచ్చారు. 40 అడుగులు, 30 అడుగులు. 1200. ఆర్పీ అక్క చెప్పినట్టు భాగిస్తే 24 మంది. ఆఫీసువాళ్లు పెట్టాలనుకుంటున్నది 50 మందిని. బాత్రూం ఒకటే, దాని మీద రేకు కూడా లేదు. నా భయం ఏదో అప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. మనుషులను చూసి కాదు, 50 మందిని ఆ గదిలో కుక్కి వదిలేస్తారని.

కాలనీ దరఖాస్తు మీద నేను సంతకం పెట్టలేదు. వేరే కాగితం రాశాను. షెల్టర్ పెట్టండి, 24 మందికే పెట్టండి, బాత్రూములు కట్టినాకే తెరవండి, గేటు దగ్గర లైటు, రాత్రంతా మనిషి, రిజిస్టర్ ఉండాలి, మూడింటికి మార్కెట్‌కు పోయేవాళ్లకూ ఒంటిగంటకు వచ్చేవాళ్లకూ గేటు తీయాలి, కాలనీవాళ్లం ఇద్దరం నెలకోసారి లోపలికి వచ్చి చూసేందుకు ఒప్పుకోవాలి అని. 43 ఇళ్లలో 11 ఇళ్లు సంతకం పెట్టాయి. మా ఆయన పదకొండోది, చివరి నిమిషంలో. పక్కింటి వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, పాలు కూడా వేరే చోట తెచ్చుకుంటోంది, అది బాధగానే ఉంది. రెండు కాగితాలూ ఒకే రోజు ఇచ్చాం, రెండింటికీ రసీదు ఇచ్చారు.

బస్టాండు ముసలాయనతో ఈ పొద్దున మొదటిసారి మాట్లాడాను. షెల్టర్ పెడితే వస్తారా తాతా అంటే, సంచి పెట్టుకోను జాగ ఉంటదా బిడ్డా అని అడిగాడు. నా కాగితంలో లాకర్ల మాటే లేదు. బస్సు వదిలేసి ఆటోలో ఆ కాగితం ఇచ్చిన ఆఫీసుకు పోయి, నా కాపీ మీదా వాళ్ల కాపీ మీదా కింద పెన్నుతో ఆ లైను కలిపి వచ్చాను.